ఎవరికీ అక్కరకు రాని జబ్బు

మా ఊళ్ళో ఎక్స్‌రే చూడటం రానివాడు లేడు. మా ఊరు అంటున్నాను గానీ, నేను పుట్టింది హుస్నాబాద్ పక్కన నీళ్ళకు మొహం వాచిన ఒక పల్లెలో. డాక్టరుగా ఉద్యోగం చేసింది గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లాలో, ఒక బొగ్గు ఊళ్ళో. ఆ ఊరి పేరు చెప్పను. బెల్లంపల్లికి ఎంత దూరమో కూడా చెప్పను. ఇందులో వచ్చేవాళ్ళలో కొందరు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళతో మళ్ళీ మాటామాటా పెంచుకునే ఓపిక నాకు లేదు.

కంపెనీ దవాఖాన గేటు ఎదురుగా ఒక చాయ్ హోటల్ ఉండేది. లోపల మేము ఎక్స్‌రే తీసి కవర్లో పెట్టి ఇవ్వడమే ఆలస్యం, మనిషి గేటు దాటి ఆ ఫిల్మును హోటల్ ముందు ఎండకు ఎత్తి పట్టేవాడు. చుట్టూ తలకాయలు మూగేవి. చాయ్ పోసేవాడు చూసేవాడు. పక్క కటింగ్ షాపు వాడు సగం గీసిన గడ్డాన్ని కుర్చీలో వదిలేసి, కత్తి చేతిలో పట్టుకునే వచ్చి చూసేవాడు.

"గీ మూలకు జూడు, మచ్చ!"

"గది మచ్చ గాదు, పక్క బొక్క. బొక్క తెల్లగనే ఉంటది."

"బొక్కయితే గిట్ల చుక్కలు చుక్కలుంటదా? మచ్చనే. నీ పని అయిపోయిందే మామా, ఇగ ఫికర్ చెయ్యకు!"

మచ్చలున్న మామ ముఖం వెలిగిపోయేది. అందరికీ చాయ్ చెప్పేవాడు. వరంగల్‌లో ఏళ్ళ తరబడి పుస్తకాల మీద పడి నేను నేర్చుకున్న విద్యను ఆ హోటల్ ముందు చాయ్ చల్లారేలోపు ముగించేవాళ్ళు. తప్పు చెప్పినా వాళ్ళను అడిగేవాడు లేడు.

హుస్నాబాద్ వైపు మా చుట్టాలూ నా దగ్గరికి ఎక్స్‌రేలు తెచ్చేవాళ్ళు. భూములున్న కుటుంబాలు, పరువు మూటలు. వాళ్ళకు మచ్చ ఉండకూడదు. మచ్చ అంటే క్షయ, క్షయ అంటే కుదిరిన సంబంధం చెడుతుంది. "జర మంచిగ చూడమ్మా, గది ఫిల్ముల మరక గావచ్చు," అని బతిమాలేవాళ్ళు. గోదావరికి ఇవతల మచ్చ లేదని చెప్పమనేవాళ్ళు, అవతల ఉందని చెప్పమనేవాళ్ళు. ఉన్నదేదో చెప్పమన్నవాడు రెండు ఒడ్డుల మీదా నాకు తగల్లేదు.

అవతలి ఒడ్డు సంగతికి ఒక కారణం ఉంది. ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము పేరుకుని మనిషి ఇక బాయి దిగలేడని మెడికల్ బోర్డు తేలిస్తే అతన్ని అన్‌ఫిట్ చేసేవారు. బాయి అంటే అక్కడ బొగ్గు గని. అన్‌ఫిట్ అయినవాడి కొడుక్కి కంపెనీలో నౌకరి వచ్చేది. రిటైర్ కాకముందే, డ్యూటీలో ఉన్న లెక్కలో చనిపోయినా కొడుక్కి వచ్చేది. ఆరోగ్యంగా ఉండి, చివరిదాకా పనిచేసి, తన కాళ్ళ మీద తాను ఇంటికి పోయినవాడి కొడుక్కి మాత్రం ఏమీ రాదు. ఈ రూలు ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ, ఇంటి పెద్ద జబ్బు పడాలని ఇల్లిల్లూ మొక్కుకునే రోజులు తెచ్చాడు. నేను వైద్యం చేసింది అలాంటి ఊళ్ళో.

బోర్డుకు పోయే ముందు దగ్గు నేర్చుకునేవాళ్ళు. నేర్పేవాడు ఒకడుండేవాడు, తను అన్‌ఫిట్ అయి ఇంట్లో కూర్చున్న పెద్దమనిషి. కల్లు పోయిస్తే చాలు, ఎక్కడ దగ్గాలి, ఎక్కడ ఆగి గోడ పట్టుకోవాలి, "ఎన్నాళ్ళ నుంచి" అని అడిగితే ఏమనాలి, అన్నీ చెప్పేవాడు. జవాబు అందరికీ ఒకటే: "శానా ఏండ్ల నుంచి సారూ, దుమ్ముతోటి." బోర్డు గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా ఒకే రాగంలో దగ్గుతుంటే, లోపల ఉన్నవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ నవ్వేవాళ్ళలో మొదటివాడు మా సూపరింటెండెంట్. కరీంనగర్ మనిషి. ఒకప్పుడు సర్జన్, కత్తి పట్టడం మానేసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. పట్టడం మానేశాక పేషెంట్లందరూ నటులుగా కనిపించసాగారు. "నాటకం" అన్నది ఆయన రోగ నిర్ధారణ. కాలు విరిగి వచ్చినవాణ్ణి కూడా ఓ క్షణం అనుమానంగా చూసి, తర్వాత ఒప్పుకునేవాడు. చాయ్ హోటల్ వాళ్ళకు లేని మచ్చలు కనిపించేవి, ఈయనకు ఉన్న మచ్చలు కనిపించేవి కావు. ఇద్దరి చదువూ ఒకే బడిలో అయినట్టుండేది.

ఇంకొకడు యూనియన్ నాయకుడు. ఇస్త్రీ చొక్కా, చంకలో సంచీ, సంచీలో ఎవరివో ఎక్స్‌రే కవర్లు. బాయి దిగి ఎన్నేళ్ళయిందో అడిగితే కోపం వచ్చేది. ఏ ఊపిరి చూసినా ఆయనకు దుమ్మే. గర్భిణి ఆయాసపడుతున్నా ముందు దుమ్మేమో చూడమనే మనిషి.

ఎనభైల చివర్లో, ఒక ఎండాకాలం, ఈ ఇద్దరి మధ్యా ఒక ఫిల్లర్ పడ్డాడు. తవ్విన బొగ్గును చెమ్మాసు అనే పెద్ద పారతో పట్టాల మీది టబ్బుల్లోకి ఎత్తేవాణ్ణి ఫిల్లర్ అంటారు. యాభై దాటినవాడు, ఎముకల గూడు, మాట తక్కువ. ఒక్క కొడుకు, ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నాడు. బోర్డు కోసం చాలాకాలం తిరగ్గా చివరికి పిలుపొచ్చింది. పోయి, నేర్చుకున్న దగ్గు దగ్గాడు. పాపం, బాగా దగ్గలేదట. సూపరింటెండెంట్ పొట్ట పట్టుకుని నవ్వాడని తర్వాత ఆయనే నాకు చెప్పాడు. నేను ఆ రోజు బోర్డులో లేను.

ఎక్స్‌రేలో దుమ్ము చుక్కలు కొద్దిగా ఉన్నాయి. మనిషిని అన్‌ఫిట్ చేసేటన్ని లేవు. కానీ మనిషి ఎగశ్వాస పీలుస్తున్నాడు. నాటకమని సూపరింటెండెంట్, దుమ్మని నాయకుడు బల్ల గుద్ది వాదించుకున్నారు. అప్పుడు సూపరింటెండెంట్‌కు ఒక మెరుపు మెరిసింది. హైదరాబాద్‌లో ఏదో మీటింగ్‌లో భోజనాల దగ్గర లంగ్ స్కాన్ అనే మాట ఆయన చెవిన పడింది. అది దేనికి చేస్తారో మాత్రం పడలేదు. "స్కాన్‌ల అంతా బయట పడుతది," అన్నాడు. నాయకుడు కూడా "బయట పడాలె" అన్నాడు. "ఊపిరితిత్తులు, స్కాన్ చేయగలరు" అని ఒక ముక్క రాసి, ఆ ఫిల్లర్‌ను భార్యతో సహా హైదరాబాద్ రైలెక్కించారు.

తిరిగి వచ్చాక ఒక్క పూట వార్డులో ఉంచి పంపించేయమని నాకు అప్పగించారు. వార్డులోకి నడిచి వస్తుంటేనే నాకు తేడాగా అనిపించింది. దగ్గడం లేదు. దగ్గడానికి ఊపిరి ఉంటే కదా. రెండు మాటలకొకసారి ఆగుతున్నాడు, గోళ్ళు నీలంగా ఉన్నాయి, నాడి పరుగెడుతోంది. నటించేవాడు ఎవరూ చూడనప్పుడు మానేస్తాడు. ఇతను నేను వెనక్కి తిరిగినప్పుడు ఇంకా ఎక్కువ ఆయాసపడుతున్నాడు.

స్కాన్ కవరు విప్పాను. చూడనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. ముందు మనిషి చేత కొద్దిగా రేడియో ధార్మికత కలిపిన మందును ఆవిరిలా పీల్పిస్తారు. ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కడెక్కడికి చేరిందో యంత్రం చుక్కలు చుక్కలుగా బొమ్మ వేస్తుంది. తర్వాత అలాంటి మందే చేతి నరంలోకి ఎక్కించి, రక్తం ఎక్కడెక్కడికి పోయిందో ఇంకో బొమ్మ వేస్తుంది. గాలి బొమ్మ, రక్తం బొమ్మ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒకే చోట గాలీ రక్తమూ రెండూ అందకపోతే అది దుమ్మో, బీడీలో, పాత జబ్బో. గాలి బాగానే పోతూ రక్తం మాత్రం అందని చోటుంటే, అక్కడి రక్తనాళంలో గడ్డ అడ్డం పడి ఉండవచ్చు. కాలి నరంలో కట్టిన రక్తం గడ్డ ఊడి, గుండె మీదుగా ప్రయాణం చేసి, ఊపిరితిత్తిలో ఇరుక్కుంటుంది. చిన్నదైతే ఆయాసం, పెద్దదైతే చావు. ఆ గడ్డను పట్టుకోవడానికే ఆ స్కాన్. దుమ్ము గురించి దానికి తెలియదు, ఎవరూ దాన్ని అడగరు కూడా.

ఫిల్లర్ బొమ్మలు రెండూ ఎలుకలు కొరికిన గుడ్డల్లా ఉన్నాయి. చాలా చోట్ల రెండూ ఒకే తీరుగా చిరిగాయి. బీడీలు, కాస్త దుమ్ము. కుడివైపు వెనక, కింది మూలన మాత్రం గాలి బొమ్మ నిండుగా ఉంది, రక్తం బొమ్మలో ఆ మూల ఖాళీ. అలాంటిది ఒక్కటే చోటు. రిపోర్టులో ఇంగ్లీషున ఒకే వాక్యం రాశారు: గడ్డ ఉండే అవకాశం తక్కువ.

ఆ వాక్యం పట్టుకుని నేను సూపరింటెండెంట్ గదికి పోయేసరికి నాయకుడు కూడా అక్కడే ఉన్నాడు. రిపోర్టు నకలు బల్ల మీద ఉంది, ఇద్దరూ దాన్ని చదివేశారు.

"చూసినవా అమ్మా, నేనేం జెప్పిన? తక్కువ అని రాసిండ్రు. ఏం లేదు, వట్టి నాటకం. సాయంత్రం డిశ్చార్జ్ జేసి ఫిట్ రాసెయ్," అన్నాడు సూపరింటెండెంట్.

"తక్కువంటే ఎంతో కొంత ఉన్నట్టే గదా సారూ! ఉన్న దుమ్మును లేదంటే ఊకుంటమా?" అన్నాడు నాయకుడు.

"తక్కువంటే లేనట్టే."

"కూరల ఉప్పు తక్కువున్నదంటే ఉప్పు లేనట్టా సారూ?"

ఆ గదిలో ఆ రోజు వినిపించిన తెలివైన మాట అదొక్కటే, అది కూడా లేని దుమ్ము మీద ఖర్చయిపోయింది. నేను చెప్పాను. ఆ రిపోర్టులో దుమ్ము ఊసే లేదని, అందులో తక్కువ అన్నది రక్తం గడ్డ గురించి అని. ఇద్దరూ నా వైపు తిరిగారు. వాళ్ళిద్దరూ ఒకే మాట అనడం నేను చూసింది అప్పుడే.

"గడ్డనా? గడ్డ సంగతి ఎవరడిగిండ్రు?"

ఎవరూ అడగలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, అడిగిందేమిటో తెలియకుండానే వచ్చిన జవాబును చెరి సగం పంచుకున్నారు. గడ్డ అయితే నాయకుడికి నష్టం, అది దుమ్ము జబ్బుల్లోకి రాదు. సూపరింటెండెంట్‌కూ నష్టం, మనిషి నిజంగా జబ్బు పడ్డాడని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఇలా ఎవరికీ అక్కరకు రాని జబ్బును నేను తీసుకొచ్చి బల్ల మీద పెట్టాను. తక్కువ అవకాశం అన్నది బొమ్మ ఒక్కదాన్నే చూసి చెప్పే మాటని, మంచం మీదున్న మనిషిని చూసి దాన్ని ఎక్కువా తక్కువా చేయాలని చెప్పబోయాను. సూపరింటెండెంట్ చేయి ఊపాడు.

"హైదరాబాద్‌ల పెద్ద పెద్ద డాక్టర్లు రాసింది నువ్వు దిద్దుతవా? సాయంత్రం పంపించు."

నేను వార్డుకు తిరిగొచ్చాను. ఫిల్లర్ ఆ ఎండాకాలంలో నడుము దాకా కంబళి కప్పుకుని కూర్చున్నాడు. మంచం దగ్గర మంచినూనె వాసన. కాళ్ళు చూడాలి, కంబళి తీయమన్నాను. భార్య కంబళి అంచు పట్టుకుంది.

"కాల్లకేం గాలేదమ్మా. రొమ్ముల్నే దుమ్ము."

"కాల్లకేం గాకుంటె చూపెట్టుడుకేం భయం?"

వాళ్ళు చెరో అంచూ పట్టుకున్నారు. వార్డంతా చూస్తుండగా ఇద్దరు మనుషులతో కంబళి గుంజుకోవడం నాకు వైద్య కళాశాలలో ఎవరూ నేర్పలేదు. గుంజాను. ఎడమ కాలు మోకాలి దాకా ఉబ్బి, తోలు మెరుస్తోంది, ముట్టుకుంటే వేడి. పక్కనున్న కుడి కాలు వేరే ఎవరిదో అన్నట్టుంది. మోకాలి కింద మానుతున్న పెద్ద గాయం, దాని మీద పసుపు.

అప్పుడు నోరు విప్పారు. బాయిలో టబ్బు జారి కాలికి కొట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే దెబ్బ రాస్తారు, కాలు నయమయ్యేదాకా బోర్డు వాయిదా పడుతుంది. బోర్డు పిలుపు కోసం అన్నాళ్ళు ఎదురుచూసినవాడు ఒక కాలి కోసం దాన్ని పోగొట్టుకుంటాడా? ఇంట్లో గుడ్డ చుట్టుకుని, సెలవు పెట్టి, కదలకుండా మంచం మీద పడున్నాడు. కదలకుండా పడుంటేనే గడ్డ కడుతుందని వాళ్ళకు తెలియదు. భార్య రోజూ నూనె పెట్టి పిక్క గట్టిగా రుద్దింది. రుద్దితే గడ్డ ఊడుతుందని ఆమెకూ తెలియదు. ఒకరోజు పొద్దున ఉన్నట్టుండి ఛాతీలో పోటు, ఆయాసం. భార్యాభర్తలు భయపడలేదట. బోర్డు ముందర ఊపిరి ఆడకపోవడం కలిసొచ్చిందనుకున్నారు.

"హైదరాబాద్‌ల నిన్ను అడగలేదా? ఆయాసం ఎప్పటి నుంచని?"

"అడిగిండ్రు. శానా ఏండ్ల నుంచి, దుమ్ముతోటి అన్న."

"కాలు సంగతి?"

"అడిగిండ్రు. ఏం లేదన్న."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బొమ్మలు నిజమే చెప్పాయి, ఈ మనిషి నోరే వాటిని అబద్ధం చేసింది. కల్లుకు నేర్చుకున్న జవాబును రాజధాని దాకా మోసుకుపోయి, తన చావు రిపోర్టును తనే చెప్పి రాయించుకొచ్చాడు. ఆ మాటే వాళ్ళ ముఖాన అన్నాను. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆయన కంబళి సర్దుకున్నాడు.

ట్రంకాల్ పెట్టించి, లైను కలిసేదాకా ఫోను దగ్గరే నిలబడి, రిపోర్టు రాసిన డాక్టరుతో మాట్లాడాను. కాలు సంగతి చెప్పాను.

"మీరు పంపిన చీటీలో జబ్బు గురించి ఒక్క ముక్క లేదు. పేషెంటు చూస్తే ఏళ్ళనాటి దుమ్మంటాడు, కాలికి ఏమీ లేదంటాడు. ఒక్క చోటే తేడా ఉంది కాబట్టి తక్కువ అని రాశాను. కాలు అలా ఉంటే నా రిపోర్టు పక్కన పెట్టండి. వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టండి."

ఇది చెప్పినా సూపరింటెండెంట్ కదల్లేదు. ఫోనులో చెప్పినదానికి విలువ లేదన్నాడు. రక్తం గడ్డకట్టకుండా చేసే ఆ ఇంజెక్షన్‌తో ఎక్కడైనా రక్తస్రావమైతే ఎవరు జిమ్మేదారు అన్నాడు. నేనే జిమ్మేదారునన్నాను. "అయితే నీ ఇష్టం, నా గదికి మాత్రం రాకు," అన్నాడు. ఆయన గదికి పోకుండా ఉండటం నాకు పెద్ద శిక్షేమీ కాదు. మందు సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఎవరూ వాడక పడి ఉన్నాయి. నర్సుకు సిరంజి సిద్ధం చేయమని చెప్పి మంచం దగ్గరికి పోయాను. సూపరింటెండెంట్‌తో గొడవ ముగిసింది కాబట్టి ఇక అడ్డం లేదనుకున్నాను. ఫిల్లర్ చేయి వెనక్కి లాక్కున్నాడు.

"గీ సూది ఏస్తె మంచిగైతనా?"

"అయితవు."

"మంచిగైతె మల్ల ఫిట్ అంటరా?"

"మంచిగైతె ఫిట్టే గదా."

"ఎయ్యకపోతె?"

"సచ్చిపోతవు. ఇంకో గడ్డ ఊడి పైకి వస్తె ఊపిరి బంద్ అయితది. ఇయ్యాల గావచ్చు, రేపు గావచ్చు."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఇంక నన్ను తీసెయ్యలేదు గదా డాక్టరమ్మా? నేను డ్యూటీల ఉన్నట్టే లెక్క గదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అవునన్నాను.

"డ్యూటీల ఉండంగ సచ్చిపోతె పోరనికి నౌకరి ఇస్తరు గదా."

లక్సెట్టిపేట బస్సు ఎప్పుడని అడిగినంత మామూలుగా అడిగాడు. అప్పటిదాకా నేను చూసిన తెలివితక్కువ వాళ్ళందరి మధ్యా ఆ రోజు రూలును సరిగ్గా చదివినవాడు అతనొక్కడే. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టాను. నీ కొడుకు నీ శవం మీద కూర్చుని జీతం తీసుకుంటాడా అన్నాను. గోడ వైపు తిరిగాడు తప్ప చేయి ఇవ్వలేదు. ఒప్పుకోని మనిషికి బలవంతంగా సూది పొడవలేను.

అప్పుడే దగ్గు వచ్చింది. బోర్డు ముందు దగ్గిన దగ్గు కాదు, చిన్నది, గొంతులోనే అణిగిపోయింది. భార్య అలవాటుగా కొంగు పట్టింది. తీసి చూస్తే ఎర్రగా ఉంది. ఆమె ఆ కొంగును అటూ ఇటూ తిప్పి చూసి, భర్త ముందు పరిచింది.

"ఏమయ్యా, నౌకరి పిచ్చి లేసిందా నీకు? పోరడు కాలురెక్కలున్నోడు, కూలికి పోయన్న బతుకుతడు. నువ్వు సస్తె వచ్చిన జీతంతోటి బువ్వ వండితె నా గొంతు దిగుతదా? నీ నౌకరి మన్నుల గలువ! డాక్టరమ్మా, గీయనను అడగకు. చెయ్యి నేను పడుత, నువ్వు సూది ఎయ్యి."

ఆమె చేయి పట్టుకుంది. ఆయన లాక్కోలేదు. కళ్ళు మూసుకుని, నా వైపు చూడకుండా సూది వేయించుకున్నాడు.

బతికాడు. ఆయాసం తగ్గింది, కాలు మామూలైంది. కొన్ని నెలలు మాత్రలు మింగాలి, అన్నాళ్ళు బాయి దిగకూడదని రాశాను. బాయి పైన, దిగేవాళ్ళకు దీపాలు అందించే లాంపుల రూంలో పని ఇచ్చారు. నాయకుడు వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు.

"డాక్టరమ్మా, గడ్డ అని రాసేకాడ దుమ్ము అని రాస్తె నీ సొమ్మేం పోయింది? ఒక ఇల్లు నిలబడేటిది."

ఉన్నది రాశానన్నాను. ఇప్పుడైనా అదే రాస్తాను. లేని దుమ్మును నాలుగు ఇళ్ళల్లో రాస్తే ఐదో ఇంట్లో నిజంగా దుమ్ముతో చచ్చేవాణ్ణి నాటకమనడానికి సూపరింటెండెంట్ సిద్ధంగా ఉంటాడు. ఈ మాట నాయకుడికి ఎక్కలేదు. పోతూ పోతూ చాయ్ హోటల్‌లో కూర్చుని, లేడీ డాక్టరుకు ఎక్స్‌రే చూడటం రాదని అందరికీ చెప్పాడు. సూపరింటెండెంట్ ఇంకో మెట్టు పైన. కరీంనగర్‌లో డాక్టర్ల సమావేశంలో లేచి నిలబడి, మా దవాఖానలో స్కాన్‌ను లోతుగా చదివి, రిపోర్టుకు లొంగకుండా గడ్డను పట్టుకున్నామని ఉపన్యాసం ఇచ్చాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, పక్కవాళ్ళు కొడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం బాగుండదు కాబట్టి.

మాత్రలు అయిపోయాక బోర్డు ఫిట్ రాసింది. ఫిల్లర్ మళ్ళీ బాయి దిగాడు. షిఫ్టుకు పోతూ వస్తూ దవాఖాన ముందు నుంచే నడిచేవాడు, నేను గేటు దగ్గరుంటే తల తిప్పుకునేవాడు. మొదట్లో నాకు మంటగా ఉండేది. ప్రాణం పోసినందుకు దండం పెట్టమని అడిగానా, ముఖమైనా చూడకూడదా అనుకునేదాన్ని.

చాలా నెలలకు ఒక ఆదివారం అంగట్లో ఆయన భార్య కనిపించింది. వంకాయలు ఏరుకుంటోంది. నన్ను చూసి సంచీ కింద పెట్టి దగ్గరికొచ్చింది. ఆయన ఎలా ఉన్నాడన్నాను, ఇంకా నా మీద కోపమేనా అన్నాను.

"కోపం గాదమ్మా, పోరని నౌకరి ఇంక మనసుల నుంచి పోలేదు," అంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మల్ల కాలు వాస్తె దవాఖానకు తోల్కపోకు, ఎవ్వలకు చెప్పకు, ఊకె ఇంట్లనే పండవెట్టు అని నాతోటి ఒట్టు ఏపిచ్చుకున్నడు."

నువ్వేమన్నావని అడిగాను.

"ఏస్తనే ఉన్న ఒట్లు. ఎన్నంటె అన్ని," అంది. "షిఫ్టు నుంచి రాంగనె నీళ్ళు పెట్టి కాల్లు నేనే కడుగుతున్న. కడుక్కుంట రెండు పిక్కలు పట్టి చూస్త, ఒకటి లావుగున్నదా, ఏడిగున్నదా అని. ఆయనకు తెల్వది. ముసలితనంల పెండ్లానికి మొగని మీద గౌరవం పుట్టిందనుకుంటుండు." నవ్వబోయి ఆపుకుంది. "రెండు ఒక్క తీరుగుంటె చాలు గదా డాక్టరమ్మా? ఇంకేమన్న చూడాల్నా?"

"చాలు," అన్నాను. ఎవరినైనా ఏదో ఒకటి అనకుండా ఉండలేని నోరు నాది. ఆ రోజు మాత్రం ఆమె కింద పెట్టిన సంచీ తీసి చేతికిచ్చాను.